చెమట చేతులకు ఏ థంబ్‌గ్రిప్? విశాఖ గేమర్లకు పోలిక, ఎంపిక సలహా

థంబ్‌గ్రిప్ అంటే గేమ్ కంట్రోలర్‌లో బొటనవేలితో తిప్పే స్టిక్ తల మీద పట్టు కోసం తొడిగేది. వైజాగ్‌లో అది కొందామనుకునేవాళ్లు మొదట అడిగేది ఎత్తు గురించే. ఎన్ని మిల్లీమీటర్లది వేసుకుంటే గురి కుదురుతుందని. ఇంటర్నెట్‌లో వీడియోలన్నీ అదే చెబుతాయి కాబట్టి అలా అడగడంలో తప్పు లేదు. కాకపోతే ఆ వీడియోలు తీసేవాళ్లలో చాలామంది చల్లటి ఊళ్లలో కూర్చుని ఆడతారు. మన దగ్గర మార్చి దాటిందంటే సాయంత్రం సముద్రం గాలి కూడా తడిగానే తగులుతుంది. ఫ్యాను కింద కూర్చున్నా రెండో మ్యాచ్‌కల్లా బొటనవేలు స్టిక్ మీద జారడం మొదలవుతుంది. స్టిక్ ఎత్తు పెరిగితే వేలు తిరగాల్సిన దూరం పెరుగుతుంది, అంచుకి వెళ్లేసరికి వేలు పక్కకి వాలుతుంది, పైభాగం నున్నగా ఉంటే సరిగ్గా అక్కడే జారుతుంది. అందుకే ఈ ఊళ్లో చూసుకోవాల్సిన వరస వేరు: ముందు పట్టు, తర్వాత మీ కంట్రోలర్ మీద బిగువుగా కూర్చోవడం, ఎత్తు సంగతి ఆఖరున.

జారుతున్నది ఏది?

కంట్రోలర్‌నీ చేతుల్నీ పొడిగుడ్డతో శుభ్రంగా తుడుచుకుని, బాగా అలవాటైన ఆట ఒక ఇరవై నిమిషాలు ఆడండి. ఆపాక చూడాల్సింది స్కోరు కాదు, చేతులు.

అరచేతుల్లో తడి ఎక్కువగా ఉండి, పిడి అటూ ఇటూ కదులుతున్నట్టు అనిపిస్తే సమస్య స్టిక్‌ది కాదు. పిడి జారుతుంటే కంట్రోలర్‌ని నిలబెట్టే పని బొటనవేళ్ల మీద పడుతుంది, అవి స్టిక్‌ని అవసరానికి మించి అదిమి పడతాయి, గురి వణుకుతుంది. ఇలాంటివాళ్లు స్టిక్ మీద ఎంత ఖరీదైనది తగిలించినా పెద్ద తేడా రాదు. వీళ్లకి కావాల్సింది పిడికి అంటించే గరుకు టేపు. కంట్రోలర్ ఆకారానికి కత్తిరించి అమ్మేవి దొరుకుతాయి. షటిల్ రాకెట్‌కి చుట్టే పీయూ గ్రిప్ ముక్కతోనూ పని జరుగుతుంది, ట్రిగర్ బటన్లకి అడ్డం రాకుండా కత్తిరించుకుంటే చాలు.

పిడి కదలకుండా ఉండి వేలు మాత్రమే జారుతుంటే థంబ్‌గ్రిప్ అవసరమే. వేలు జారట్లేదు, కానీ గురి ప్రతిసారీ శత్రువు తల దాటి పోతోందంటే, అప్పుడు ఎత్తు గురించి మాట్లాడుకోవచ్చు. స్టిక్ మీద రబ్బరు అరిగి, లోపలి గట్టి ప్లాస్టిక్ తేలిందా? దాన్ని కప్పే సిలికాన్ తొడుగు చాలు.

ఇంకొకటి ఉంది. స్టిక్ వదిలేసినా కెమెరా మెల్లగా ఒక పక్కకి పోతుంటే దాన్ని డ్రిఫ్ట్ అంటారు. మామూలు కంట్రోలర్లలో స్టిక్ కింద పొటెన్షియోమీటర్లు ఉంటాయి. సన్నటి కార్బన్ పూత మీద చిన్న లోహపు వేలు రాసుకుంటూ తిరుగుతుంది, ఆ పూత అరిగితే సంకేతం తప్పుతుంది. దీనికి ఏ గ్రిప్పూ మందు కాదు. మాడ్యూల్, అంటే స్టిక్ కింద ఉండే ఆ భాగం మొత్తం, మార్చాలి, అది సోల్డరింగ్ పని. మార్చేటప్పుడు అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ రకమో టీఎంఆర్ రకమో వేయించుకుంటే సంకేతం పంపే చోట రాపిడి ఉండదు కాబట్టి ఆ పూత అరిగే బాధ పోతుంది. గ్రిప్ కొనే ముందే కంప్యూటర్‌కి కంట్రోలర్ తగిలించి, బ్రౌజర్‌లో ఏదైనా గేమ్‌ప్యాడ్ టెస్టర్ పేజీ తెరిచి చూడండి. స్టిక్ వదిలినప్పుడు అంకె సున్నా దగ్గర ఆగాలి, పూర్తిగా వంచితే 1 దాకా (ఎడమకో పైకో అయితే -1 దాకా) వెళ్లాలి. ఈ రెండు అంకెలూ రాసి పెట్టుకోండి, గ్రిప్ వేశాక మళ్లీ పనికొస్తాయి.

సిలికాన్ తొడుగులు

మన బజారులో ఎక్కువగా దొరికేవి ఇవే. స్టిక్ తలని మొత్తం కప్పేసే మెత్తటి టోపీలాంటివి, నాలుగో ఎనిమిదో కలిపి ఒక ప్యాకెట్టు. ధర వంద నుంచి మూడొందల లోపు. ఎత్తు దాదాపు ఏమీ పెంచవు. అలవాటు మార్చుకోనక్కర్లేదు, సెట్టింగ్‌లు ముట్టుకోనక్కర్లేదు. మొదటిసారి కొనేవాళ్లు దీనితోనే మొదలుపెట్టడం మంచిది.

అయితే ఇందులో మంచీ చెడ్డా రెండూ పైభాగం గీతల్లోనే ఉన్నాయి. పిల్లి పాదం బొమ్మ ఉన్నవి చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, అమ్ముడుపోయేవీ అవే. కానీ ఆ పాదం ఉబ్బులు నున్నగా, వెడల్పుగా ఉంటాయి. తడి వేలికీ వాటికీ మధ్య చెమట పొరలా నిలిచిపోతుంది, బయటికి పోయే దారి ఉండదు. వానరోడ్డు మీద టైరుకి గాడులు ఎందుకు కావాలో ఇక్కడా అందుకే కావాలి. చిన్న చిన్న డైమండ్ గళ్లు ఉన్నవీ, మధ్యలో ఖాళీలు వదిలిన చుక్కలు ఉన్నవీ ఉక్కపోతలో బాగా ఆగుతాయి. గుండ్రంగా వలయాలు గీసినవి పైకీ కిందకీ, పక్కలకీ ఆగుతాయి గానీ వేలిని గుండ్రంగా తిప్పినప్పుడు ఆ గీతల వెంటే జారతాయి.

షాపులో పొడి వేలితో రుద్ది చూసి కొనకండి. పొడిగా ఉంటే అన్నీ పట్టినట్టే ఉంటాయి. వాటర్ బాటిల్ మూతలో రెండు చుక్కలు పోసుకుని వేలు ముంచి, తొడుగు మీద అదిమి పక్కకి లాగండి. చర్మం కదిలి వేలు ఆగితే సరే. వేలు సర్రున పోయిందంటే పక్కన పెట్టేయండి. తర్వాత తొడుగు అంచుని రెండు వేళ్లతో సాగదీసి వదలండి. వెంటనే పాత ఆకారానికి రావాలి. నెమ్మదిగా వస్తే అది నెల తిరక్కుండా వదులవుతుంది.

సిలికాన్ తొడుగుతో వచ్చే అసలు ఇబ్బంది అది స్టిక్ మీదే తిరగడం. వేలు తొడుగు మీద గట్టిగా ఆగుతుంది, కానీ తొడుగు స్టిక్ మీద అరచుట్టు తిరిగిపోతుంది. గురి ఒక క్షణం ఆలస్యంగా కదులుతుంది. దీనికి కారణాలు రెండు. తొడుగు మీ స్టిక్ సైజుది కాకపోవడం ఒకటి, లోపల జిడ్డు ఉండటం ఇంకొకటి. కొత్త తొడుగుకి అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటుంది, దాని మీద మన వేలి నూనె చేరుతుంది. కాబట్టి వేసే ముందు గిన్నెల సబ్బు ఒక చుక్క, గోరువెచ్చటి నీళ్లతో లోపలా బయటా కడిగి, ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. స్టిక్ తలని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవాలి, గుడ్డ తడిగా ఉంటే చాలు, కారకూడదు. మెడికల్ షాపులో అడిగేటప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని పేరు పెట్టి అడగండి. శానిటైజర్ జెల్ వాడొద్దు. అందులో గ్లిజరిన్ ఉంటుంది, ఆరాక జిగురు మిగులుతుంది. ఇంతా చేశాక కూడా తిరుగుతోందంటే సైజు తప్పు, మార్చుకోవడమే.

టాల్కం పౌడరు చల్లే అలవాటు కొందరికి ఉంది. ఆ పౌడరు స్టిక్ మెడ చుట్టూ ఉన్న ఖాళీలోంచి లోపలికి దిగుతుంది. చేతులకి రాసుకుని దులుపుకుంటే సరేగానీ కంట్రోలర్ మీద చల్లకండి.

కాళ్లున్న గ్రిప్పులు

ఇవి వేరే జాతి. కింద గట్టి ప్లాస్టిక్ కాళ్లు, పైన గరుకు రబ్బరు. ఆ కాళ్లు స్టిక్ తల అంచు కింద పట్టుకుంటాయి. స్టిక్ మీద తిరగవు, ఊడవు, పైభాగం గట్టిగా ఉంటుంది. వీటిలో ఎక్కువ పేరున్నది అమెరికా కంపెనీ కంట్రోల్‌ఫ్రీక్. 2020లో దాన్ని స్టీల్‌సిరీస్ కొనేసింది. వాళ్ల ఎఫ్‌పీఎస్ ఫ్రీక్ వరసలో గెలాక్సీ, వోర్టెక్స్, ఇన్‌ఫెర్నో లాంటి రకాలున్నాయి. బొమ్మ వేరు, గరుకు వేరు, ఎత్తు వేరు. నింటెండో స్విచ్‌తో వచ్చే చిన్న కంట్రోలర్లు, జాయ్‌కాన్‌లు, వాడేవాళ్లలో స్కల్ అండ్ కో తొడుగులకి మంచి పేరుంది.

తడి చేతులకి ఈ రకం రబ్బరు చాలా నయం, పైన గీతలు లోతుగా, పదునుగా ఉంటాయి. పేరున్నవాటికి దిగుమతి ధర పడుతుంది, వెయ్యిన్నర పైమాటే. పేరులేనివి మూడొందల నుంచి ఆరొందల మధ్య దొరుకుతాయి. వాటిలో పైరబ్బరు బాగానే ఉన్నా కాళ్ల ప్లాస్టిక్ మెత్తగా ఉంటుంది. నాలుగైదుసార్లు తీసి పెట్టేసరికి పట్టు వదులవుతుంది. అమర్చి అలా వదిలేసేవాళ్లకి పరవాలేదు, ఆటని బట్టి మార్చేవాళ్లకి పనికిరాదు.

నకిలీలూ ఉన్నాయి. ప్లేస్టేషన్‌కీ ఎక్స్‌బాక్స్‌కీ ఒకటే ముక్క సరిపోతుందని పేరున్న బ్రాండు పెట్టెమీద రాసి ఉంటే అనుమానించండి. ఆ స్టిక్ తలలు ఒక కొలత కాదు, అసలైనవి విడివిడిగానే వస్తాయి.

ఎత్తు లెక్క

స్టిక్ లోపల తిరిగే ఇరుసు నుంచి పైభాగం దాకా 20 మి.మీ. అనుకుందాం, పక్కకి 20 డిగ్రీలు వంగుతుందనుకుందాం. అప్పుడు వేలు మధ్య నుంచి అంచుకి సుమారు 7 మి.మీ. జరుగుతుంది. పైన 4 మి.మీ. చేరిస్తే ఆ దూరం 8.4 అవుతుంది, 10 మి.మీ. చేరిస్తే 10.5. ఆటకి చేరే సంకేతం మాత్రం మారదు, ఎందుకంటే డిగ్రీలు అవే. అంటే అదే గురిని ఒకటిన్నర రెట్లు పొడవైన స్కేలు మీద కొలుస్తున్నారు. చిన్న సవరణలు తేలికవుతాయి. చుట్టూ తిరిగి వెనక్కి చూడటం మాత్రం నెమ్మదిస్తుంది.

రెండో మార్పు బలంలో వస్తుంది. స్ప్రింగు అదే, మీట పొడవైంది. 20 మి.మీ. దగ్గర పడే బలంలో మూడింట రెండు వంతులు 30 దగ్గర చాలు. అందుకే పొడవైన గ్రిప్ వేయగానే స్టిక్ వదులైపోయినట్టు అనిపిస్తుంది. అలవాటు లేనివాళ్ల గురి మొదటి రెండు మూడు రోజులు ఊగుతుంది. ఇది చెప్పకుండా అమ్ముతారు, కొన్నవాళ్లు రెండో రోజే పనికిరాదని తీసేస్తారు.

మూడోది ఎల్3, ఆర్3 నొక్కడం, అంటే ఎడమ, కుడి స్టిక్‌లని బటన్లలా కిందికి నొక్కడం. పొడవైన స్టిక్‌ని నిట్టనిలువుగా నొక్కడం కష్టం, నొక్కుతూ నొక్కుతూ పక్కకి వాల్చేస్తాం. పరుగు ఎల్3లో ఉన్న షూటింగ్ ఆటల్లో ఎడమ వైపు పొడవు పెడితే ఇదే గోల. అలా వాలుస్తూ నొక్కడం మాడ్యూల్‌కీ మంచిది కాదు. కాల్ ఆఫ్ డ్యూటీ లాంటి వాటిలో ఆటోమేటిక్ స్ప్రింట్ పెట్టుకుంటే కొంత తీరుతుంది.

బజారులో ఎత్తులు మూడు తరగతులు. సుమారు 4 మి.మీ. దాకా పొట్టి, 6, 7 దగ్గర మధ్యరకం, 10 చుట్టుపక్కల పొడవు. మా మాట: మొదటిసారి ఎవరూ పొడవుతో మొదలుపెట్టొద్దు. కుడివైపు మధ్యరకం, ఎడమవైపు పొట్టి. అదీ ఒకేసారి రెండూ కాదు. ముందు కుడిది వేసి వారం ఆడండి. ఆట సెట్టింగ్‌లలో సెన్సిటివిటీ, అంటే స్టిక్ వంచితే గురి కదిలే వేగం, ఒక మెట్టు మాత్రం పెంచండి. రెండు మూడు మెట్లు పెంచేస్తే గ్రిప్ ఇచ్చిన లాభాన్ని మీరే తినేసినట్టు.

చేతులు చిన్నవైన పిల్లలకి పొడవు అసలు వద్దు. వేలు పైకి ఎత్తి పట్టుకోవాల్సి వస్తుంది, బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది. పెద్దవాళ్లలో కూడా గంట ఆడాక ఆ చోట లాగుతుంటే ఎత్తు తగ్గించడమే మందు.

గుంటా, గుమ్మటమా

పైభాగం లోపలికి గుంటగా ఉంటే వేలి కొస అందులో కూర్చుంటుంది. గుమ్మటంలా ఉబ్బి ఉంటే వేలి మెత్తటి భాగం దానిమీద వాలుతుంది. మీరు వేలి కొసతో ఆడతారా, మెత్తతో ఆడతారా అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి. తెలుసుకోవడం తేలిక: ఆట మధ్యలో ఒక్కసారి ఆపి, వేలు ఎత్తకుండా కిందికి చూడండి.

చెమట విషయంలో గుంటదే పైచేయి, అంచు వేలిని ఆపుతుంది. అయితే గుంటలో చెమట, మట్టి చేరి రెండు రోజుల్లో నల్లటి పొర కడుతుంది, తరచూ తుడవాలి. గుమ్మటం శుభ్రంగా ఉంటుంది. కానీ గరుకు తక్కువైతే పూర్తిగా వంచినప్పుడు వేలు అంచు దాటి జారుతుంది. గుమ్మటం కొనేవాళ్లు గీతలు అంచుదాకా ఉన్నాయో లేదో చూడాలి. మధ్యలో మాత్రమే ఉంటే వద్దు.

ఏ ఆటకి ఏది

కాల్ ఆఫ్ డ్యూటీ, ఎపెక్స్, ఫోర్ట్‌నైట్ ఆడేవాళ్లకి కుడివైపు మధ్యరకం, ఎడమవైపు పొట్టి లేదా ఉత్త సిలికాన్ తొడుగు. ఫుట్‌బాల్ ఆట ఈఏ ఎఫ్‌సీ ఆడేవాళ్లకి రెండు వైపులా ఎత్తు లేని గరుకు తొడుగులే మేలు. బంతిని పక్కకి తిప్పడానికి స్టిక్‌ని టక్కున అటు నుంచి ఇటు కొట్టాలి, ఎత్తు ఉంటే ఆ ఊపు ఆలస్యమవుతుంది. క్రికెట్ 24లో కుడి స్టిక్‌తో షాట్లు కొట్టేవాళ్లకీ, రాకెట్ లీగ్‌కీ ఇదే మాట. ఫోర్జా హొరైజన్, గ్రాన్ టురిస్మో 7 లాంటి కార్ల ఆటల్లో మాత్రం లెక్క తిరగబడుతుంది. స్టీరింగు ఎడమ స్టిక్‌లో ఉంటుంది, మలుపులో సగం వంచి నిలబెట్టాలి, కాబట్టి ఎడమవైపే మధ్యరకం పెట్టుకోవాలి. జీటీఏ లాంటివి ఆడుతూ సరదాగా గడిపేవాళ్లకి పట్టు ఒక్కటే చాలు, ఎత్తు మీద డబ్బు పెట్టొద్దు.

ఇంట్లో ఒకే కంట్రోలర్‌ని ఇద్దరు ముగ్గురు వాడుతుంటే, ఒకరు ఫుట్‌బాల్, ఇంకొకరు షూటింగ్, అప్పుడూ సిలికానే. కాళ్లున్నవాటిని రోజూ పీకి పెడుతుంటే స్టిక్ అంచు రబ్బరు చిరుగుతుంది.

మీ కంట్రోలర్‌కి సరిపోతుందా

డ్యూయల్‌షాక్ 4కి చెప్పినవి డ్యూయల్‌సెన్స్‌కీ పడతాయి. పీఎస్4 నుంచి పీఎస్5కి మారినవాళ్లు పాతవి పారేయక్కర్లేదు. ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ కంట్రోలర్లకి వేరే కొలత. నింటెండో ప్రో కంట్రోలర్‌కి దాని పేరు మీదే అడగాలి. జాయ్‌కాన్ స్టిక్ తలలు బాగా చిన్నవి, వాటికి పెద్ద కంట్రోలర్ తొడుగు వేస్తే ఊడిపోతుంది. పైగా స్విచ్‌ని కేసులో పెట్టి మూత వేస్తే ఎత్తు గ్రిప్ మూతకి తగిలి రోజంతా అదుముకుంటూనే ఉంటుంది. అన్నిటికీ సరిపోతుందని రాసినవి నిజానికి దేనికీ పూర్తిగా సరిపోవు.

చేత్తో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. దాని స్టిక్ తలలకి వేలి స్పర్శ తెలుస్తుంది, వేలు తగిలినప్పుడే జైరో (పరికరాన్ని వంచి గురి పెట్టే సెన్సర్) పనిచేసేలా పెట్టుకోవచ్చు. మందపాటి సిలికాన్ వేస్తే ఆ స్పర్శ అందదు. జైరోతో గురి పెట్టేవాళ్లు తొడుగు మానేయడమో, చుట్టూ అంచుకి మాత్రమే ఉండే వలయం వాడటమో చేయాలి.

ఎక్స్‌బాక్స్ ఎలైట్ సిరీస్ 2, డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్ ఉన్నవాళ్లు బయట కొనే ముందు తమ పెట్టె వెతుక్కోవాలి. ఎలైట్ 2 పూర్తి సెట్‌లో పొడవైన స్టిక్ ఒకటి, వెడల్పు గుమ్మటం ఒకటి వస్తాయి, స్టిక్ బిగువు కూడా తిప్పి పెంచుకోవచ్చు. కోర్ పేరుతో అమ్మే రకంలో ఆ విడిభాగాలు ఉండవు. ఎడ్జ్‌లో పొడవు, పొట్టి గుమ్మటాలు జతలుగా వస్తాయి. ఎలైట్ తలలు అయస్కాంతంతో అంటుకుంటాయి కాబట్టి పైన కాళ్ల గ్రిప్ వేసి తీసేటప్పుడు తల మొత్తం ఊడి చేతికొస్తుంది. తలని ముందే తీసి పట్టుకుని గ్రిప్ లాగండి.

మామూలు కంట్రోలర్ విప్పి స్టిక్ తలల్నే మార్చేసే దారి కూడా ఉంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ కంట్రోలర్‌కి మధ్యలో రంధ్రం ఉన్న టీ8 టార్క్స్ స్క్రూడ్రైవర్ కావాలి. ఐదు స్క్రూలు, వాటిలో ఒకటి బ్యాటరీ గదిలో స్టిక్కరు కింద దాక్కుని ఉంటుంది. డ్యూయల్‌సెన్స్‌లో రెండు స్క్రూలు ఎల్1, ఆర్1 బటన్ల కింద ఉంటాయి, బ్యాటరీ, రిబ్బన్ తీగలు విప్పాలి, ఇంకా పెద్ద పని. అల్యూమినియం తలలు చూసి మోజు పడకండి. చెమట వేలికింద అంత జారేది ఇంకోటి లేదు. వారంటీ ఉన్న కంట్రోలర్‌ని అసలు విప్పకండి.

వలయాలు, వేలి తొడుగులు

స్టిక్ మెడ చుట్టూ పెట్టే స్పాంజి వలయాలు వేలు వంచేకొద్దీ ఎదురు తోస్తాయి, గురి దాటి పోకుండా ఆపుతాయి. ఆలోచన మంచిదే. కానీ స్పాంజి మన తేమకి మెత్తబడుతుంది, చవకవైతే పొడిపొడిగా రాలి స్టిక్ లోపలికి దిగుతుంది. గట్టివి వేస్తే స్టిక్ అంచుదాకా వంగదు. షూటింగ్ బాగా సీరియస్‌గా ఆడేవాళ్లు, తరచూ మార్చే ఓపిక ఉన్నవాళ్లు తప్ప మిగతావాళ్లకి వద్దు.

వాటిని పోలిన సన్నటి గట్టి వలయాలు వేరు. అవి స్టిక్ మెడ కంట్రోలర్ అంచుకి రాసుకుని అరగకుండా కాపాడతాయి. స్టిక్ చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే ఆ రాపిడి జరుగుతోందని అర్థం. వీటివల్ల పట్టు రాదు, గురి మారదు, అయినా చవక కాబట్టి వేసుకోవచ్చు.

ఫోన్లో బీజీఎంఐ ఆడేవాళ్లు వేసుకునే బట్ట తొడుగులు, వెండి దారం కలిపి నేసినవి, కంట్రోలర్‌కి పనికిరావు. అవి గాజు మీద సాఫీగా జారడానికే చేశారు. పేర్లు దగ్గరగా ఉంటాయి, ఆన్‌లైన్‌లో వెతికితే రెండూ కలిసే వస్తాయి, ఫొటో చూసి ఆర్డరు పెట్టండి.

ఎక్కడ కొనాలి, ఎలా వేయాలి

సిలికాన్ తొడుగులు డాబాగార్డెన్స్, జగదాంబ వైపు ఫోన్ సామాన్లు అమ్మే షాపుల్లోనూ, ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల్లోనూ అడిగి చూడొచ్చు. ఆ తడివేలి పరీక్ష చేయాలంటే నేరుగా వెళ్లాల్సిందే. వెళ్లేటప్పుడు కంట్రోలర్ బ్యాగులో వేసుకెళ్లండి, అక్కడే తొడిగి చూడనిచ్చే షాపైతే సగం పని అయినట్టే. కాళ్లున్నవి, అందులోనూ పేరున్నవి, ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. ఆర్డరు పెట్టేటప్పుడు వెనక్కి తీసుకుంటారో లేదో చూడండి. ప్యాకెట్టు విప్పాక వెనక్కి తీసుకోం అనేవాళ్లు ఉన్నారు.

కాళ్లున్న గ్రిప్ వేసేటప్పుడు పైనుంచి నిట్టనిలువుగా అదమకండి, ఆ బలమంతా ఎల్3 స్విచ్ మీద పడుతుంది. స్టిక్‌ని మీవైపు వంచి, రెండు కాళ్లని అవతలి అంచు కింద తగిలించి, ఇవతలి వైపు బొటనవేలితో నెమ్మదిగా అదిమితే టక్‌మని కూర్చుంటుంది. తీసేటప్పుడు ఒక పక్క గోరు దూర్చి పైకి లేపాలి, మెలి తిప్పకూడదు. సిలికాన్ అయితే సగానికి తిరగేసి తలమీద పెట్టి, అంచుని చుట్టూ కిందికి దించాలి.

వేశాక గేమ్‌ప్యాడ్ టెస్టర్ మళ్లీ తెరవండి. ఇంతకుముందు రాసుకున్న అంకెలతో పోల్చండి. పూర్తిగా వంచినా 1 రాకపోతే గ్రిప్ కింది అంచు కంట్రోలర్ ఒంటికి తగులుతోందన్నమాట. ఆటలో మనిషి పరిగెత్తాల్సిన చోట నడుస్తాడు, కారణం తెలియక సెట్టింగ్‌లన్నీ తిరగేస్తారు. సిలికాన్ అయితే అంచు కింద మడత పడిందేమో చూసి సర్దండి. సర్దినా రాకపోతే ఆ గ్రిప్ మీది కాదు. స్టిక్ వదిలినప్పుడు అంకె సున్నాకి రాకపోయినా అంతే, ఏదో ఒకటి రాసుకుంటోంది.

వేసవిలో వారానికొకసారి తీసి కడగాలి, చలికాలంలో రెండు వారాలకి చాలు. తీసినప్పుడు స్టిక్ తల మీద తెల్లటి ఉప్పు మరక కనిపిస్తుంది, బీచ్ రోడ్డు దగ్గర ఉన్నవాళ్లకే కాదు, అది చెమట ఉప్పు. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచాకే మళ్లీ వేయాలి. కంట్రోలర్‌ని బ్యాగులో పెట్టి గాజువాక నుంచి మధురవాడ దాకా బస్సులో మోసేవాళ్లు పొడవైన గ్రిప్పులు తీసి విడిగా డబ్బాలో వేసుకోవాలి. పుస్తకాల మధ్య స్టిక్ ఒక పక్కకి వంగి గంటసేపు ఉండిపోతే స్ప్రింగుకి మంచిది కాదు.

సబ్బుతో కడిగి ఆరబెట్టినా పైరబ్బరు వేలికి జిగురుగా అంటుకుంటుంటే అది మురికి కాదు, రబ్బరే చెడిపోతోంది. తేమకి కొన్ని పాలియురెథేన్ రబ్బర్లు అలా కరగడం మొదలుపెడతాయి, ఇక కడిగి లాభం లేదు. కాళ్లలో ఒకటి విరిగినా, సిలికాన్ అంచు చిరిగినా జిగురు పెట్టి అతికించకండి. ఫెవిక్విక్ చుక్క ఒకటి స్టిక్ మెడలోకి దిగితే వందరూపాయల తొడుగు కోసం కంట్రోలర్ మొత్తం విప్పాల్సి వస్తుంది.